పేరు పెట్టేముందు విగ్రహవాక్యం చెప్పి చూడు

చి. అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

నీ నవలలో రెక్కల కుర్రాడికి 'వైనతేయ్' అని పేరు పెట్టానని రాశావు. చెవికి బాగుంది. కానీ వాడి తల్లి నీలాంబరి కదా! వైనతేయుడు గరుడుడి పేరు; వినత కొడుకు అని అర్థం, అంతే. ఆ మాటలో రెక్కా లేదు, ఎగరడమూ లేదు. వినత లేని కథలో ఆ పేరుకు చోటు లేదు.

తల్లి పేరు మీదే పిలిపించాలనుకుంటే పద్ధతి ఇది. మొదటి అచ్చుకు వృద్ధి చెయ్యి: అ ఆ అవుతుంది, ఇ ఐ అవుతుంది, ఉ ఔ అవుతుంది. చివర 'ఏయ' చేర్చు. గంగ గాంగేయుడు, వినత వైనతేయుడు, కుంతి కౌంతేయుడు. అలా చేస్తే నీ వాడు నైలాంబరేయుడవుతాడు, నోరు తిరగదు. తల్లిని 'చిత్ర' అను, చైత్రేయుడు హాయిగా పలుకుతుంది.

అసలు గరుడుడి పేర్లలో నీకు పనికొచ్చేది వేరే ఉంది. అమరకోశం ఆయనకు తొమ్మిది పేర్లు చెప్పింది. గరుత్తు అంటే రెక్క, కాబట్టి గరుత్మంతుడు. ఇక గరుడుడనే పేరు వెనక ఒక ఘట్టం ఉంది. కాళ్లతో ఏనుగునూ తాబేలునూ పట్టుకుని వాలితే కొమ్మ విరిగింది. దానికి వాలఖిల్య మునులు తలకిందులుగా వేలాడుతున్నారు. వాళ్లు పడిపోకుండా ఆ కొమ్మను ముక్కున కరుచుకుని ఎగిరాడు. అంత గురుభారం మోసుకెగిరాడు గనక గరుడుడు అన్నారు మునులే. భాషావేత్తలు మాత్రం 'మింగడం' అనే అర్థమున్న ధాతువు నుంచి తీస్తారు. నవలకు ముని మాటే తీసుకో, దానిలో కథ ఉంది.

సుపర్ణుడనే పేరు ఇంకా అందమైనది. అమృతం తెస్తుంటే ఇంద్రుడు వజ్రంతో కొట్టాడు. దెబ్బ తగలకపోయినా వజ్రానికీ, దానికి ఎముకలిచ్చిన దధీచికీ గౌరవంగా ఒక్క ఈక రాల్చాడు. ఆ ఈక చూసిన జీవులు పెట్టిన పేరు సుపర్ణుడు, అంటే అందమైన ఈకలవాడు.

నీ నాలుగో అధ్యాయంలో కుర్రాడి ఈక రాలుతుంది కదా, పేరు అక్కడే పుట్టించు. అంతవరకు ఊళ్లోవాళ్లు చైత్రేయుడనే పిలవాలి. ఈక చూసినవాళ్లే కొత్త పేరు పెట్టాలి, వాడు తనంతట తాను చెప్పుకోకూడదు.

వాడికి అన్న ఉన్నాడన్నావు. వినత పెద్దకొడుకును చూడు. ఐదు వందల ఏళ్లకే తొందరపడి గుడ్డు పగలగొట్టింది, నడుము కింద భాగం ఏర్పడని బిడ్డ బయటికొచ్చాడు. ఊరువు అంటే తొడ, అది లేనివాడు అనూరుడు. తల్లి తొందర, బిడ్డ కోపం, దాసివి కమ్మని తల్లికి వాడు పెట్టిన శాపం, అన్నీ నాలుగక్షరాల్లో ఉన్నాయి. అన్నకు అలాంటి పేరు వెతుకు.

'వైనతేయ్'లోలా పేరు చివర 'య్' పెట్టకు. తెలుగులో పిలిచేటప్పుడు 'చైత్రేయా!', చెప్పేటప్పుడు 'చైత్రేయుణ్ణి' రావాలి. ఈ రెండూ సంభాషణలో పెట్టి పైకి చదివి, ఎక్కడ తడబడ్డావో నాకు రాయి.

మీ పెద్దనాన్న