టెన్సర్ల కంటే ముందు కత్తెర పట్టుకో

పాపా,

అనంతపురం నుంచి మామ ఆశీస్సులు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు స్ఫటికాల్లోని లోపాలకూ స్థలకాలానికీ ఉన్న పోలికను ఎంచుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. టెన్సర్లు, అంటే వక్రత లాంటివాటిని లెక్కగట్టే ఆ అంకెల పట్టికలు, చూసి టెన్షన్ పడుతున్నావట. వాటిని వారం పక్కన పెట్టు.

మందపాటి కాగితం మీద షడ్భుజాల గళ్ళు గీయి. ఒక షడ్భుజం నడిమధ్య నుంచి కాగితం అంచుదాకా 60 డిగ్రీల ముక్క కోసి తీసేసి, రెండు అంచులూ అతికించు. కాగితం శంకువవుతుంది, ఆ షడ్భుజం పంచభుజి అవుతుంది. ఇప్పుడు గళ్ళతో కోణం మారకుండా ఒక బాణాన్ని మొన చుట్టూ జరుపుతూ రా. బయల్దేరిన చోటికి చేరేసరికి అది 60 డిగ్రీలు తిరిగి ఉంటుంది. నువ్వెక్కడా తిప్పలేదు! వక్రతంతా ఆ మొనలోనే ఉంది. పదార్థశాస్త్రంలో దీని పేరు డిస్‌క్లినేషన్. విశ్వం తొలినాళ్ళలో ఏర్పడి ఉండొచ్చని ఊహించే దారం లాంటి లోపం కాస్మిక్ స్ట్రింగ్. సన్నని, నిటారు కాస్మిక్ స్ట్రింగ్ చుట్టూ ఉండే జ్యామితి కూడా ఇదే. అయితే అలాంటి స్ట్రింగ్ ఇంతవరకూ ఎవరికీ కనబడలేదు. ఆ మాట తప్పకుండా రాయి.

రెండో రకం లోపం డిస్‌లొకేషన్, అంటే వరస తప్పడం. దానికి మీ వసారాలోని కడప బండలు చాలు. నాలుగు బండలు కుడికి, నాలుగు ముందుకు, నాలుగు ఎడమకు, నాలుగు వెనక్కి నడిస్తే మొదటి బండ మీదికే వస్తావు. నడుమ ఒక వరస సగంలో ఆగిపోయి ఉంటే, దాని కొసను చుట్టి వచ్చేసరికి ఒక బండ తేడా పడుతుంది. అదే బర్గర్స్ వెక్టర్. చుట్టి వస్తే దారి ఇలా మూసుకోకపోవడాన్ని జ్యామితిలో టార్షన్ అంటారు.

ఇలా కోసి అతికించే పద్ధతిని ఇటలీ గణితజ్ఞుడు వోల్టెరా 1907లోనే రాశాడు. టార్షన్ ఆలోచన 1922లో ఫ్రెంచి గణితజ్ఞుడు కార్టన్‌ది. దాన్ని లోహాల లోపాలతో కలిపింది 1950లలో జపాన్‌లో కోండో, ఇంగ్లండులో బిల్బీ బృందం.

ఎక్కువ పేజీలు మాత్రం పోలిక ఆగిపోయే చోటుకే ఇవ్వు. ఐన్‌స్టైన్ గురుత్వ సిద్ధాంతంలో టార్షన్ సున్నా, కాబట్టి డిస్‌లొకేషన్‌కు జోడీ టార్షన్‌కు చోటిచ్చే ఐన్‌స్టైన్-కార్టన్ సిద్ధాంతంలో వెతకాలి. ఫ్రాంక్ 1949లో చూపినట్టు, కదిలే స్క్రూ డిస్‌లొకేషన్ (పొరలు మరమెట్లలా తిరిగే రకం) సాపేక్షతలో వేగంగా పోయే వస్తువులాగే కుంచించుకుపోతుంది. కాకపోతే అక్కడ హద్దు కాంతి వేగం కాదు, అడ్డ తరంగాల (కణాలు ప్రయాణ దిశకు అడ్డంగా ఊగే ధ్వని తరంగాల) వేగం, ఉక్కులో సెకనుకు సుమారు 3.2 కిలోమీటర్లు. అదే ఉక్కులో కణాలు ప్రయాణ దిశలోనే ఊగే తరంగాలు అంతకంటే వేగంగా పోతాయి. స్థలకాలంలో మాత్రం కాంతిని దాటేదేదీ లేదు. పైగా స్ఫటికం నిశ్చలంగా ఉన్న చట్రం ఏదో మనకు తెలుసు, స్థలకాలానికి అలాంటిది లేదు. వైవాలో నేనైతే మొదట ఇదే అడుగుతాను.

ఘనపదార్థాల లోపాలనూ గురుత్వాన్నీ జ్యామితితో కలిపే కటనయేవ్, వొలోవిచ్‌ల 1992 పేపర్ ఇదంతా అయ్యాకే తెరువు. అందులో ఎక్కడ ఆగినా రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చెయ్యి.

మామ