డాక్టర్ సలహా: బాబు కోర్టులో సాక్ష్యం చెప్పాలంటున్నారు... తట్టుకోగలడా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గోపాలపట్నం. ఏడాది కిందట మా అక్క తన ఇంట్లోనే హత్యకు గురైంది. కేసులో నిందితుడు మా బావే. ఆ సాయంత్రం పిల్లలిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. బాబుకి అప్పుడు ఏడేళ్లు, వాడు చూశాడు. పాపకి నాలుగేళ్లు, పక్క గదిలో నిద్రపోతోంది. ఇప్పుడు ఇద్దరూ మా దగ్గరే ఉంటున్నారు. వచ్చే నెలలో బాబు సాక్ష్యం ఉంటుందని పీపీ (ప్రభుత్వం తరఫు లాయర్) గారు చెప్పారు. వాడు రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేస్తున్నాడు. లైటు ఆర్పనివ్వడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. వంటింట్లో గిన్నె పడితే చాలు, వెళ్లి తలుపు వెనక నిలబడతాడు. మరిచిపోకూడదని మా అమ్మ రోజూ పడుకునే ముందు వాడి చేత జరిగిందంతా చెప్పిస్తోంది. మొదట్లో నాన్న నీలం చొక్కా వేసుకున్నాడన్నవాడు ఈమధ్య తెల్ల చొక్కా అంటున్నాడు. పాప కూడా ‘నేనూ చూశాను’ అంటోంది. వాళ్ల నానమ్మ ఫోన్ చేసి, ‘నువ్వు చెప్తే నాన్న ఇంక ఇంటికి రాడు’ అని ఏడుస్తోంది. ఇంత చిన్నపిల్లాడిని కోర్టుకి తీసుకెళ్లొచ్చా? జరిగింది మరిచిపోయే మందేమైనా ఉందా? ముందురోజు నిద్రమాత్ర ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు ఒక పని చేయండి. రాత్రిపూట బాబు చేత ఆ కథ చెప్పించడం ఈరోజు నుంచే ఆపించండి. మిగతావన్నీ తర్వాత.

అమ్మగారి భయం నాకు అర్థమవుతోంది. కూతురికి జరిగింది చెప్పగలిగేది ఆ ఒక్క నోరే, అది మరిచిపోతే ఎలా అని ఆవిడ దిగులు. కానీ జ్ఞాపకం అన్నది బీరువాలో పెట్టిన చీర కాదు, ఎప్పుడు తీసినా మడత చెదరకుండా ఉండటానికి. తీసిన ప్రతిసారీ అది కొంచెం మారుతుంది. వినేవాళ్ల ముఖం, వాళ్లు ఎక్కడ ఏడ్చారు, ఎక్కడ ‘ఊఁ, తర్వాత?’ అన్నారు, ఇవన్నీ పిల్లాడి మనసు పట్టుకుంటుంది. రెండోసారి చెప్పేటప్పుడు అవీ కలుస్తాయి. పైగా ఆ గంటలో వాడికి గుండె దడ, చెమటలు వస్తాయి. ఆ వెంటనే పడుకోమంటే రెండింటికి లేవక ఏం చేస్తాడు?

మన ఇళ్లలో పిల్లల్ని అడిగే తీరు ఒకటుంది. ‘నాన్న వంటింట్లోంచి వచ్చాడు కదా?’, ‘అమ్మ అరిచింది కదా?’ అంటాం. పెద్దవాళ్లు ‘కదా’ అంటే ‘ఊఁ’ అనడమే మంచి పిల్లల లక్షణమని మనమే నేర్పాం. అడిగిందే మళ్లీ అడిగితే, ఇందాక చెప్పింది తప్పేమో అనుకుని జవాబు మార్చేస్తారు. అది అబద్ధం కాదు. మనల్ని సంతోషపెట్టాలన్న తాపత్రయం, అంతే. దీని మీద ఎన్నో పరిశోధనలు జరిగాయి. స్కూలుకి ఒక మనిషి వచ్చి, ఏమీ చేయకుండా వెళ్లిపోయాడు. తర్వాత పది వారాలపాటు ‘అతను బొమ్మ పాడు చేశాడు కదా’ అన్న తరహాలో అడిగితే, మూడు నాలుగేళ్ల పిల్లల్లో చాలామంది అవునన్నారు. కొందరైతే ఎలా పాడు చేశాడో కూడా వర్ణించారు. అయిదారేళ్ల వాళ్లలో ఇది తక్కువ కనిపించింది, కానీ లేకపోలేదు.

కాబట్టి చొక్కా రంగు మారినందుకు కంగారు పడకండి. ‘నీలం అన్నావు కదరా’ అని సరిదిద్దకండి కూడా. భయంకరమైన సంఘటనలో అసలు విషయం, అంటే ఎవరు, ఏం చేశారు అన్నది పిల్లలకు గట్టిగా గుర్తుంటుంది. చొక్కా రంగు, టైము, ఎన్నిసార్లు అన్నవి జారిపోతాయి. పెద్దవాళ్లకూ అంతే. అన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పే పిల్లాడిని చూస్తేనే అవతలి లాయర్‌కి ‘ఎవరు నేర్పారు బాబూ?’ అని అడగాలనిపిస్తుంది. బాబు తనంతట తాను ఏదైనా చెబితే మాత్రం వినండి. ‘చెప్పినందుకు మంచిదైంది’ అనండి, ప్రశ్నలు వేయకండి. వాడు అన్న మాటలు అన్నట్టుగానే తేదీతో ఒక కాగితం మీద రాసి, పీపీ గారికి చెప్పండి.

పాప సంగతి వేరు. రోజూ అన్నయ్య చెబుతుంటే పక్కన పడుకుని విన్నది ఆ పిల్లే. ఆ వయసులో విన్నదానికీ చూసినదానికీ మధ్య గోడ చాలా పల్చన. అయిదేళ్ల పిల్లలు నిన్న జరిగినదాన్నీ, మొన్న జరిగినదాన్నీ, పోయిన సంక్రాంతికి జరిగినదాన్నీ ‘నిన్న’ అనే అంటారు, గమనించారా? ‘నువ్వు చూడలేదే’ అని దబాయించొద్దు, ‘ఏం చూశావు?’ అని తవ్వొద్దు. నిద్రపోతున్న పిల్ల ఇప్పుడు ఇలా అంటోందని, ఇంట్లో తన ముందు రోజూ ఈ మాటలు నడిచాయని, రెండూ దాచకుండా పీపీకి చెప్పండి. పాప అవసరం లేదని ఆయనే అనుకోవచ్చు. ఆ పిల్లకి కావలసింది ఇంకొకటి. అమ్మ ఊరెళ్లిందని, నిద్రపోయిందని చెప్పి ఉంటే ఇకనైనా అలా చెప్పకండి. ఊరెళ్లినవాళ్లు తిరిగొస్తారు, కాబట్టి పాప ఎదురుచూస్తూనే ఉంటుంది. ‘అమ్మ చనిపోయింది, ఇక రాదు, నిన్ను మేం చూసుకుంటాం’ అని చెప్పండి. పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే మాట.

ఇక కోర్టు. సాక్షికి కనీసం ఇంత వయసు ఉండాలని మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 124 చూసేది ఒక్కటే. ప్రశ్న అర్థమవుతోందా, దానికి అర్థవంతమైన జవాబు చెప్పగలుగుతున్నాడా? అందుకే జడ్జి గారు ముందు పేరు, క్లాసు, టీచరు, అబద్ధం అంటే ఏమిటి, ఇలాంటివి అడుగుతారు. 12 ఏళ్ల లోపు పిల్లలకు ప్రమాణం అంటే ఏమిటో తెలియకపోయినా, నిజం చెప్పాలని తెలిస్తే చాలు, 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకుంటారు. 2025 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో, తల్లి హత్యను చూసిన ఏడేళ్ల పాప సాక్ష్యాన్ని సుప్రీంకోర్టు నమ్మింది. హైకోర్టు వదిలేసిన తండ్రికి మళ్లీ శిక్ష ఖాయం చేసింది. అయితే పిల్లలకు ఎవరైనా నేర్పారా అని కోర్టులు జాగ్రత్తగా చూస్తాయి. అంటే అమ్మగారు మేలు అనుకుని చేస్తున్నదే కేసుకీ చేటు.

సాక్ష్యం చెబితే పిల్లాడు దెబ్బతింటాడా? లైంగిక దాడి కేసుల్లో కోర్టుకెక్కిన పిల్లలను అమెరికాలో చాలాకాలం గమనించారు. సాక్ష్యం చెప్పినవాళ్లు కొన్నాళ్లు ఎక్కువ ఇబ్బంది పడ్డా, చాలామంది తర్వాత తేరుకున్నారు. మళ్లీ మళ్లీ చెప్పాల్సి రావడం, నిందితుడిని ఎదురుగా చూడాలన్న భయం, పక్కన ధైర్యం చెప్పే తల్లో మరొకరో లేకపోవడం వాళ్లను ఎక్కువగా కుంగదీశాయి. నాకూ అదే అనుభవం. కొన్నేళ్ల కిందట ఒక కేసులో డాక్టర్‌గా నా సాక్ష్యం ఉండి వెళ్లాను. వరండాలో ఒకే బెంచీ. దానికి ఈ చివర ఏడెనిమిదేళ్ల పాప బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని కూర్చుంది, ఆ చివర నిందితుడి తరఫువాళ్లు. పదిన్నరకు వచ్చిన పిల్లను సాయంత్రం దాకా కూర్చోబెట్టి వాయిదా అన్నారు. ప్యాకెట్ విప్పనే లేదు. ఆ పాప లోపలికి అడుగే పెట్టలేదు, అయినా వారంపాటు జ్వరం అని తర్వాత వాళ్లమ్మ చెప్పింది.

అందుకని తీసుకెళ్లాలా వద్దా అని తల పట్టుకోకండి. సమన్లు వస్తే వెళ్లక తప్పదు. ఎలా తీసుకెళ్లాలన్నది మన చేతిలో ఉంది. పిల్లలు, బలహీన సాక్షులు సాక్ష్యం చెప్పడానికి ప్రత్యేక గదులు ఏర్పాటు చేయాలని 2022 జనవరిలో సుప్రీంకోర్టు హైకోర్టులన్నిటికీ చెప్పింది. ఆ గది కావాలని, తండ్రి కంటపడకుండా తెర గానీ వీడియో ఏర్పాటు గానీ ఉండాలని, ఉదయం మొదటి కేసుగా పిలవాలని, పక్కన తెలిసిన మనిషి ఉండాలని పీపీ గారి ద్వారా ముందే అర్జీ పెట్టించండి. అడగకపోతే చాలాచోట్ల ఎవరూ చేయరు. లాయర్ ఖర్చు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100. పోలీసులు మళ్లీ ఏమైనా అడగాలన్నా 15 ఏళ్ల లోపు పిల్లాడిని స్టేషన్‌కి రమ్మనకూడదు, వాళ్లే ఇంటికి రావాలి.

బాబుని తయారు చేయాలి, కానీ కేసు మీద కాదు. సబ్‌మెరైన్ మ్యూజియం చూపించారా? ఒక ఆదివారం బీచ్ రోడ్డుకి తీసుకెళ్లండి. ఇంటికొచ్చాక ‘ఈరోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పు’ అనండి, మధ్యలో కదపకండి. తర్వాత సరదాగా ‘లోపల ఏనుగు కనిపించింది కదా?’ అని అడగండి. ‘లేదు మావయ్యా!’ అని నవ్వాలి వాడు. ‘మెట్లు ఎన్ని ఉన్నాయి?’ అంటే ‘తెలీదు’ అనాలి. ‘పెరిస్కోపు ఉత్తరాభిముఖంగా సంస్థితమై ఉందా?’ అంటే ‘అర్థం కాలేదు, మళ్లీ అడగండి’ అనాలి. పెద్దవాళ్లకు ‘కాదు’, ‘తెలీదు’, ‘అర్థం కాలేదు’ అని చెప్పొచ్చని వాడికి తెలిస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌కి (అవతలి లాయర్ వేసే ప్రశ్నలకి) సగం తయారైనట్టే. ఎవరూ లేని రోజు కోర్టు హాలు ఒకసారి చూపించమనండి. జడ్జి గారు ఎక్కడ కూర్చుంటారో, బాత్రూమ్ ఎక్కడో తెలియాలి. ఈ వయసు పిల్లలకు రెండోదే పెద్ద టెన్షన్.

నానమ్మ గారి ఫోన్ల గురించి. ఆవిడా ఒక తల్లే, సరే. కానీ ఎనిమిదేళ్ల పిల్లాడి భుజం మీద అంత బరువు పెట్టడం తప్పు. కేసు నడిచినన్నాళ్లూ ఫోన్ బాబుకి ఇవ్వకండి. కాల్స్ వివరాలు చెరపకుండా ఉంచి పీపీకి, దర్యాప్తు అధికారికి చెప్పండి. బెదిరింపు అనిపిస్తే 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అలాగని మీ ఇంట్లో బావని తిట్టకండి. బాబుకి తండ్రి మీద భయం, కోపం, బెంగ మూడూ ఉంటాయి. ‘నాన్న గుర్తొస్తున్నాడు’ అంటే నేరం చేసినట్టు చూడకండి. ‘శిక్ష వేసేది, వదిలేది జడ్జి గారు. నీ పని చూసింది చెప్పడమే’ అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి.

మరిచిపోయే మందు లేదు. ఉన్నా ఇవ్వను. నిద్రమాత్ర అసలు వద్దు. కొందరు పిల్లల్లో మగతగా, మాట తడబడేలా చేస్తుంది, కొందరిలో ఉల్టా చికాకు పెంచుతుంది. మీరు రాసిన లక్షణాలు తీవ్రమైన భయం తర్వాత వచ్చే పీటీఎస్‌డీ అనే మానసిక సమస్యలా ఉన్నాయి. దీనికి మొదటి చికిత్స మాటలతో, బొమ్మలతో, ఊపిరి సాధనతో చేసే ట్రామా థెరపీ. వారానికోసారి చొప్పున మూడు నాలుగు నెలలు పడుతుంది. మందులు అవసరమైతేనే. కేసు అయ్యాక చూద్దాం, ఇప్పుడు వైద్యం చేయిస్తే సాక్ష్యం చెల్లదేమో అని కొందరు ఆగుతారు. ఆగొద్దు. ఈ కేసు సంగతి ముందే చెబితే డాక్టర్ నూరిపోసే ప్రశ్నలు అడగరు, ప్రతి సెషన్ రాసి పెడతారు. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్లొచ్చు. ఈలోగా రాత్రిళ్లు ఇబ్బందైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

పక్క తడపడం భయం వల్లే అయి ఉండొచ్చు. కానీ మానేసింది మళ్లీ మొదలైతే నేను ముందు యూరిన్ టెస్ట్, షుగర్ చేయిస్తాను, మలబద్ధకం ఉందేమో అడుగుతాను. పరుపు మీద రబ్బరు షీటు వేయండి. లైటు వెలగనివ్వండి. తెల్లారి దుప్పటి ఎవరూ చూడకముందే తీసేయండి, చెల్లెలి ముందు ఒక్క మాటా వద్దు.

కోర్టు రోజు టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి. బయటికొచ్చాక ‘ఏం చెప్పావు?’ అని ఎవరూ అడగకూడదు. మీ అమ్మగారు కూడా. మర్నాడు స్కూలుకి పంపేయండి.

అమ్మగారి గురించి ఒక మాట. రాత్రి ఆ ప్రశ్నలు ఆపితే ఆవిడకి ఆ గంట ఖాళీ అయిపోతుంది. కూతురి గురించి మాట్లాడుకోవడానికి ఆవిడకి దొరికింది అదొక్కటే అనుకుంటాను. పిల్లలు పడుకున్నాక మీరు పక్కన కూర్చోండి. బాబుని ఆసుపత్రికి తీసుకెళ్లే రోజు ఆవిడనీ తీసుకెళ్లి, ఆవిడ పేరు మీద కూడా ఓపీ చీటీ రాయించండి.