బీవర్ (నీటి ఒడ్డున బతికే, ఎలుకలాంటి పెద్ద జంతువు) కట్టిన ఆనకట్ట వల్ల వాగులోని పురుగులు తగ్గుతాయా, పెరుగుతాయా?

మొత్తంగా తగ్గవు కానీ, ఏ పురుగులు ఉంటాయన్నది మారిపోతుంది.

పారే నీటిలో రాళ్లను పట్టుకుని బతికే స్టోన్‌ఫ్లై, బ్లాక్‌ఫ్లై అనే రెక్కల పురుగుల లార్వాలకూ (పిల్ల పురుగులకూ), మేఫ్లై అనే మరో రెక్కల పురుగులో చాలా రకాల పిల్లలకూ వేగంగా కదిలే, ఆక్సిజన్ బాగా ఉన్న నీరు కావాలి. బీవర్ కొమ్మలతో, మట్టితో అడ్డుకట్ట వేయగానే వెనక నీరు నిలిచిపోతుంది. రాళ్ల మీద ఒండ్రు, కుళ్లిన ఆకులు పేరుకుంటాయి. అక్కడ ఈ పురుగులు నిలవలేవు. వాటి చోటును బురదలో బతికే మిడ్జ్ (దోమలాంటి చిన్న పురుగు) లార్వాలు, తూనీగ పిల్లలు, నీటి పెంకుపురుగుల్లాంటి జీవులు తీసుకుంటాయి. తిండికి కొదవ ఉండదు కాబట్టి, పాత వాగులో కంటే ఈ చెరువు అడుగున పురుగులు ఎక్కువగా ఉండటం మామూలే.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఆ కట్టే. కర్రల సందుల్లోంచి నీరు ఉరికే చోట వల అల్లి తిండి పట్టే క్యాడిస్‌ఫ్లై (సీతాకోకచిలుకలకు దగ్గరి పురుగు) లార్వాలు, బ్లాక్‌ఫ్లై లార్వాలు గుంపులుగా చేరతాయి. చెరువులోంచి కొట్టుకొచ్చే సన్నని నాచు, ఆకుల తునకలే వాటికి ఆహారం. అంటే చెరువులో చోటు పోగొట్టుకున్న పురుగుల్లో కొన్నింటికి కట్ట మీదే చోటు దొరుకుతుంది.

కట్ట దిగువన మాత్రం ఒకే ఫలితం చెప్పలేం. వేసవిలో చెరువు నీరు వేడెక్కి దిగువకు వస్తే చల్లదనం కోరే స్టోన్‌ఫ్లైలకు కష్టం. నీరు భూమిలోకి ఇంకి, చల్లబడి మళ్లీ వాగులోకి ఊరే చోట్ల ఆ ఇబ్బంది తగ్గుతుంది.