ప్రాసెసర్ వ్యాసం పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

గేమింగ్‌కి ఏ ప్రాసెసర్ కొనాలన్న నీ వ్యాసం చదువుతూ "ఎనిమిది కోర్లు (ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే విభాగాలు) లేనిదే ఇప్పుడు గేమింగ్ లేదు" అన్న చోట చిరాకేసి పక్కన పెట్టేశాను. రైజెన్ 5 5600కి ఉన్నవి ఆరు కోర్లే, ఇంటెల్ ఐ5-12400ఎఫ్‌కీ ఆరే. బడ్జెట్ చూసుకుని కొనేవాళ్ళు ఎంతోమంది వాటి మీద హాయిగా ఆడుకుంటున్నారు. ఆ వాక్యం నీది కాదు, ఎవరో అంటే విని రాసేశావు.

నీ వాక్యం చివరి పేజీలో దొరికింది. "యావరేజ్ ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేముల లెక్క) బాగానే ఉంది, కానీ ఆటలో జనం గుమిగూడిన వీధిలోకి వెళ్తే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది." ఇది చూసినవాడు రాసిన మాట. వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి.

ప్రాసెసర్ పేరు చెప్పేముందు, మార్చాల్సింది ప్రాసెసరేనా అన్నది పాఠకుడి చేత తేల్పించాలి. ఈ విషయంలో నేను మొండివాణ్ణి. మిగతా సెట్టింగులు ముట్టుకోకుండా గ్రాఫిక్స్ కార్డు మీద బరువు తగ్గేలా రిజల్యూషన్ ఒక్కటే 720పీకి దించి, అదే వీధిలో మళ్ళీ నడిచి చూడమను. ఎఫ్‌పీఎస్ గబుక్కున పెరిగితే అడ్డుపడుతున్నది గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్‌కి డబ్బు పెట్టడం దండగ. అంకె దాదాపు కదలకపోతే అప్పుడు ప్రాసెసర్ వైపు చూడాలి. "సీపీయూ వాడకం 40 శాతమే, కాబట్టి ఖాళీగానే ఉంది" అని రాశావు చూడు, అది తప్పు. పన్నెండు థ్రెడ్లలో (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరసల్లో) ఒక్కటి పూర్తిగా నిండినా మొత్తంలో కనిపించేది 8 శాతమే. ఆట మెయిన్ థ్రెడ్ అక్కడే ఇరుక్కుని ఉండొచ్చు. ర్యామ్ కూడా చూడమను. ఒకే స్టిక్ పెట్టి, బయాస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్‌ని దాని అసలు స్పీడుకి తెచ్చే ఎక్స్ఎంపీ ఆన్ చేయకుండా ప్రాసెసర్‌ని తిట్టుకునేవాళ్ళు బోలెడుమంది.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో సొంత టెస్ట్ మెషీన్ ఉండేది కాదు. స్నేహితుడు నిద్రపోయాక అతని కంప్యూటర్ మీద కూర్చుని కొలతలు తీసేవాణ్ణి. అలా రాసిన పేరాని ఒక ఎడిటర్ "పాఠకుడికి అంత ఓపిక ఉండదు, మోడల్ పేరు చెప్పు చాలు" అని కొట్టేసి, దాని స్థానంలో టాప్ 5 పట్టిక వేశాడు. ఆ పట్టికల జబ్బు ఇంకా తగ్గలేదు. ఇప్పుడు దానికి తోడు ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ ఒకదానికొకటి ఎంత అడ్డో చెప్తామనే బాటిల్‌నెక్ కాలిక్యులేటర్లు! ఏ ఆట, ఏ రిజల్యూషన్ అన్నది సరిగా పట్టించుకోకుండా శాతం తేల్చేస్తాయి. నీ వ్యాసంలోంచి ఆ కాలిక్యులేటర్ బొమ్మ తీసెయ్.

కోర్ల పిచ్చికి మందు రైజెన్ చేసే ఏఎమ్‌డీ దగ్గరే ఉంది. 5700ఎక్స్, 5700ఎక్స్3డీ పక్కపక్కన పెట్టు. రెండిటికీ ఎనిమిదేసి కోర్లు. గిగాహెర్ట్‌జ్ చూస్తే మొదటిదే ఎక్కువ, 4.6కి 4.1. అయినా చాలా ఆటల్లో రెండోదే ముందుంటుంది. ఎందుకంటే దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 96 ఎంబీ, మొదటిదానికి 32. నువ్వు చెప్పిన ఆ వీధిలో పనికొచ్చేది ఇలాంటి క్యాషే. "5600, 5600జీ దాదాపు ఒకటే" అన్నావు కదా, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ఆ జీకి ఎల్3 16 ఎంబీ మాత్రమే. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాడికి దాన్ని ఎందుకు అంటగడతావు?

బోర్డు సంగతి రెండు లైన్లలో తేల్చేశావు. బడ్జెట్ మొత్తం అక్కడే ఉంది. ఏఎమ్‌డీ పాత సాకెట్ ఏఎమ్4 బోర్డు ఉన్నవాడు బయాస్ అప్‌డేట్ చేసుకుని, పాత డీడీఆర్4 ర్యామ్‌తోనే 5000 సిరీస్‌కి వెళ్ళొచ్చు. బీ450 బోర్డుల్లో చాలావాటికి ఆ అప్‌డేట్ వచ్చింది. కొత్త సాకెట్ ఏఎమ్5కి మారితే బోర్డు కొత్తది, ర్యామ్ డీడీఆర్5 తప్పనిసరి. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్‌లు సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాడికి 2024లో బయటపడ్డ, చిప్‌ని పాడుచేసే వోల్టేజ్ సమస్య గురించీ చెప్పాలి. దానికిచ్చిన మైక్రోకోడ్ (చిప్ లోపలి ఆదేశాల) అప్‌డేట్ మున్ముందు నష్టాన్ని ఆపడానికే, అప్పటికే పాడైన చిప్‌ని బాగుచేయదు.

వీడియోలు చేయాలా, పేరెప్పుడొస్తుంది అని అడిగావు. అవి ఇంకెవరినైనా అడుగు. మళ్ళీ పంపేటప్పుడు వీధి పేరా పైన ఉండాలి, దాని కిందే నీ బోర్డు మోడల్, ర్యామ్ స్పీడు, 720పీలో వచ్చిన అంకెలు ఉండాలి.