బిల్లును జేబులో దాచుకోకు

ప్రశ్న: నేను డిగ్రీ రెండో ఏడాది విద్యార్థినిని. పోయిన నెల నాన్నకు యాక్సిడెంట్ అయి మంచాన పడ్డారు. ఇంటి నుంచి డబ్బు రావడం లేదు. గది అద్దె బాకీ పడింది, ల్యాప్‌టాప్ పాడైంది. కాలేజీలో అత్యవసర సాయం ఉంటుందని ఫ్రెండ్ చెప్పింది. ఇప్పటికే ఫీజు రాయితీ తీసుకుంటున్నాను, మళ్లీ చేయి చాచడానికి మనసొప్పడం లేదు. చదువు మానేసి పనిలో చేరనా?

జవాబు: మానేసే మాట అప్పుడే ఎత్తకు తల్లీ. చాలా ఏళ్లు విద్యార్థి సంక్షేమ విభాగంలో పనిచేశాను. ఒక అబ్బాయి ఆస్పత్రి బిల్లును నాలుగు మడతలు పెట్టి, అడగలేక మూడు వారాలు జేబులోనే తిప్పాడు. నా టేబుల్ మీద పెట్టేసరికి మడతల దగ్గర అంకెలు చెరిగిపోయి ఉన్నాయి. ఇంకో కాపీ తెచ్చుకునేలోపు పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది. ఆ పిల్లాడి ముఖం నాకింకా గుర్తే.

ఫీజు రాయితీ వేరు, ఇది వేరు. రాయితీని మీ ఇంటి ఆదాయం చూసి ముందే లెక్కగట్టి ఇస్తారు. అత్యవసర నిధి మధ్యలో నెత్తిన పడ్డ కష్టం కోసం. అందుకే చాలాచోట్ల దీన్ని ట్యూషన్ ఫీజుకు ఇవ్వరు. అద్దె, మందులు, ప్రయాణం, చదువుకు కావాల్సిన వస్తువుల లాంటివాటికి ఇస్తారు. వచ్చేది చిన్న మొత్తమే, అదీ తరచుగా ఒక్కసారే.

దరఖాస్తులో ‘చాలా కష్టాల్లో ఉన్నాను’ అని రాస్తే చదివేవాళ్లకు ఏం చేయాలో తోచదు. ఏ తేదీన ఏం జరిగింది, అద్దె ఎంత, ఏ రోజులోగా కట్టాలి, ల్యాప్‌టాప్ రిపేరుకు ఎంత అడిగారు, ఇది రాయి. నాన్నగారి ఆస్పత్రి కాగితం, అద్దె బాకీ చూపించే మెసేజ్ జతచెయ్యి. అన్నీ చేతికి రాలేదని ఆగకు, ఉన్నవాటితో ఇచ్చేసి మిగతావి తర్వాత ఇస్తానని చెప్పు. సంతకం పెట్టేముందు ఇది తిరిగి కట్టాలా, అక్కర్లేదా అని తప్పకుండా అడుగు. కొన్నిచోట్ల సాయం పేరుతో ఇచ్చేది స్వల్పకాలిక అప్పు.

ఇంటి ఆదాయం మారింది కాబట్టి రాయితీని మళ్లీ లెక్కవేయమని వేరే అర్జీ కూడా పెట్టు. ఈ సంగతి చాలామంది పిల్లలకు తెలియదు.

ఏదీ కుదరక ఆగాల్సివస్తే, చెప్పకుండా క్లాసులు మానకు. రాతపూర్వకంగా విరామం అడుగు, తిరిగి చేరే దారి ఉంటుంది. కానీ ముందు రేపు ఆఫీసు తెరిచే వేళకు ఆ కాగితాలు పట్టుకుని వెళ్లమ్మా. ఒంటరిగా బెరుకనిపిస్తే ఆ ఫ్రెండ్‌నీ తోడు తీసుకెళ్లు.