రాడ్డు వేసిన కాలు, తీసేస్తామన్న స్క్రూ

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకి 54 ఏళ్లు. నాలుగు నెలల కింద బండి మీంచి పడితే మోకాలి కింద ఎముక అడ్డంగా విరిగింది, ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. మొన్న ఎక్స్‌రే తీస్తే ఇంకా సరిగ్గా అతుక్కోలేదన్నారు. ఒక స్క్రూ తీసేస్తాం, ఆ తర్వాత ఫుల్లుగా బరువు మోపి నడవాలి అంటున్నారు. అతుక్కోని ఎముకకి ఉన్న స్క్రూ కూడా తీసేస్తే ఎట్లా? కదిలితే అసలే అతుక్కోదని మేము ఆయన్ని మంచం దిగనివ్వట్లేదు. పుత్తూరు తీసుకెళ్లమని కొందరు, అల్ట్రాసౌండ్ మిషన్ పెట్టించమని కొందరు చెప్తున్నారు. ఆయనకి సిగరెట్ అలవాటు ఉంది, నొప్పి గోళీ కూడా రోజూ వేసుకుంటున్నారు. (ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: ముందు ఆయన్ని మంచం దింపండమ్మా. మీ సర్జన్ ఇప్పటిదాకా ఎంత బరువు మోపమన్నారో అంతవరకైనా వాకర్ పట్టుకుని నడిపించండి. మీ భయం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే ఒకప్పుడు మా డాక్టర్లది కూడా ఇదే భయం. 1958 లో స్విట్జర్లాండ్‌లో కొంతమంది సర్జన్లు కలిసి ఏఓ అని ఒక గ్రూపు పెట్టారు, విరిగిన ముక్కల్ని ప్లేటూ స్క్రూలతో అస్సలు కదలకుండా బిగించేయాలి అనేది వాళ్ల లెక్క, అట్లా గట్టిగా బిగిస్తే ఎముక నేరుగా అతుక్కుంటుంది, చుట్టూ కాలస్ కూడా రాదు. కాలస్ అంటే విరిగిన చోట గుండ్రంగా ఉబ్బినట్టు వచ్చే కొత్త ఎముక. ఆ రోజుల్లో ఎక్స్‌రేలో కాలస్ కనిపిస్తే, అయ్యో బిగింపు సరిపోలేదు అనుకునేవాళ్లు. ఇప్పుడేమో రాడ్డు వేసిన కాల్లో కాలస్ కనిపించకపోతే మాకు దిగులు!

ఈ ఆలోచన మారడానికి గొర్రెలు చాలా సాయం చేశాయి, నిజంగానే. గొర్రె కాలి ఎముక సైజులో, మోసే బరువులో మనిషికి ఎలకల కంటే చాలా దగ్గర, అందుకే ఎముకల ప్రయోగాల్లో దాన్ని ఎక్కువ వాడతారు. 1985 లో ఇంగ్లండ్‌లో గుడ్‌షిప్, కెన్‌రైట్ అనే ఇద్దరు గొర్రెల కాలి ఎముకలో 3 మిల్లీమీటర్ల గ్యాప్ చేసి బయట నుంచి ఫ్రేమ్ బిగించారు, కొన్నిటికి అట్లాగే గట్టిగా వదిలేశారు, కొన్నిటికి మాత్రం రోజుకి 17 నిమిషాలు, దాదాపు 500 సార్లు, ఎముకని ఒక మిల్లీమీటరు మించకుండా పైకీ కిందకీ మెల్లగా కదిపారు. కదిపినవాటికే కాలస్ బాగా వచ్చింది, ఎముక గట్టిగా అతికింది. అట్లా అని ఎంత కదిపితే అంత మంచిది అనుకోకండి, తర్వాత 2 మిల్లీమీటర్ల దాకా కదిపి చూస్తే అది చెడే చేసింది.

దీని వెనక లెక్క స్విట్జర్లాండ్‌లోని దావోస్ ల్యాబ్‌లో పనిచేసిన పెరెన్ అనే ఆయన చెప్పాడు. విరిగిన చోట మొదట పుట్టే మెత్తటి కండలాంటి పదార్థం తన పొడవుకి రెట్టింపు సాగినా తెగదు, మెత్తటి ఎముక, అదే కార్టిలేజ్, సుమారు 10 శాతం దాకా ఓర్చుకుంటుంది, గట్టి ఎముక 2 శాతం సాగితే చాలు పగిలిపోతుంది. అంటే కదలిక ఎక్కువున్న చోట గట్టి ఎముక పుట్టలేదు, ముందు మెత్తటిది పుట్టి, అది కదలికని కొంచెం తగ్గించి, అప్పుడు దాని తర్వాతది వస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు సెంట్రింగ్ కొట్టాకే కదా స్లాబ్ పోసేది, అట్లాగే ఇది కూడా.

ఇక మీ స్క్రూ సంగతి. రాడ్డుకి పైనా కిందా స్క్రూలు ఉంటాయి, అవి ఎముక పొట్టిగా అవ్వకుండా, తిరిగిపోకుండా పట్టుకుంటాయి. మొదట్లో అవి కావాలి. కానీ ఒక్కోసారి అవే విరిగిన రెండు కొసల్నీ దగ్గరికి రానివ్వకుండా ఎడంగా పట్టి ఉంచుతాయి. అప్పుడు రాడ్డుకి ఉన్న గుండ్రటి రంధ్రంలోని స్క్రూ తీసేసి, పొడుగు రంధ్రంలో ఉన్నదాన్ని ఉంచితే, నడిచినప్పుడల్లా ఎముక రాడ్డు మీద కొద్ది మిల్లీమీటర్లు జారి కొసలు ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. దీన్నే డైనమైజేషన్ అంటారు. స్క్రూ తీసేసి మళ్లీ మంచం మీదే పడుకోబెడితే తీసిందంతా దండగ, ఒత్తిడి నడిస్తేనే పడుతుంది.

ఎప్పుడు తీయాలి అనేది కూడా ముఖ్యం. జర్మనీలోని ఉల్మ్‌లో క్లాస్ అనే పరిశోధకుడు, ఆయన బృందం ఎలకల మీద చూస్తే వారం రోజులకే బిగింపు సడలించినవి బాగుపడలేదు, మూడు నాలుగు వారాలు ఆగి సడలించినవి బాగా అతికాయి. ఎలకకి ఐదారు వారాల్లో ఎముక అతుకుతుంది కాబట్టి ఆ వారాల్ని మనిషికి నేరుగా లెక్కేయకూడదు, కానీ కాలస్ కొంచెం పట్టాక సడలించాలి అనే మాట నాకు సబబుగానే అనిపిస్తుంది. అందరూ ఒప్పుకోరు లెండి, ముందు సడలించి తర్వాత బిగిస్తేనే మేలు అని ఎలకల్లోనే చూపించినవాళ్లు కూడా ఉన్నారు. మీ నాన్నగారిది అడ్డంగా విరిగింది, నాలుగు నెలలైంది, కాబట్టి మీ డాక్టర్ చెప్పింది నాకు తప్పుగా అనిపించట్లేదు. ఏటవాలుగానో, ముక్కలు ముక్కలుగానో విరిగి ఉంటే వేరే మాట, అప్పుడు స్క్రూ తీస్తే కాలు పొట్టి అయిపోవచ్చు. రాడ్డు విరగదా అంటే, ఎముక అతకకుండా నెలలకి నెలలు గడిస్తే ఏ రాడ్డయినా, స్క్రూ అయినా అలిసిపోయి విరగొచ్చు, అందుకే ఎముకని తొందరపెట్టడం.

అల్ట్రాసౌండ్ మిషన్ మీద డబ్బులు పెట్టకండి. ఆపరేషన్ అయిన మోకాలి కింది ఎముకల మీదే, 501 మంది మీద అమెరికా, కెనడాల్లో చేసిన ట్రయల్ 2016 లో వచ్చింది, నిజం మిషన్‌కీ ఉత్తుత్తి మిషన్‌కీ తేడా ఏమీ కనిపించలేదు.

నొప్పి గోళీ అన్నారు, ఏ గోళీయో రాయలేదు. 2002 లో ఎలకల మీద చేసిన ప్రయోగాల్లో సెలెకాక్సిబ్ లాంటి నొప్పి మందులు ఎముక అతకడాన్ని దెబ్బతీశాయి. మనుషుల్లో అంత స్పష్టంగా తేలలేదు, నాలుగు రోజులు వేసుకుంటే నేనేమీ కంగారుపడను, కానీ మెడికల్ షాప్‌లో కొనుక్కుని నాలుగు నెలలు వేసుకోవడం ఆపించండి, పారాసెటమాల్ సరిపోతుందేమో డాక్టర్‌ని అడగండి. సిగరెట్ విషయంలో మాత్రం నేను మొహమాటపడను. సిగరెట్ వల్ల ఎముకకి రక్తం సరిగ్గా అందకపోతే ఎంత మంచి రాడ్డు వేసినా ఏం లాభం, మీరు రాసిన అన్నిట్లో మీ నాన్నగారి ఎముకకి పెద్ద శత్రువు అదే.

పుత్తూరు కట్టు గురించి చులకనగా మాట్లాడను, వెదురు బద్దలు పెట్టి కట్టి మనిషిని తిరగనివ్వడం అనే ఆలోచనకి దగ్గరదే 1960 లలో అమెరికాలో సార్మియెంటో అనే సర్జన్ కూడా వాడాడు. కానీ లోపల రాడ్డు ఉన్న కాలికి పైన కట్టు దేనికి? లాగడం, మర్దన చేయడం అస్సలు వద్దు. నల్లేరు పచ్చడి పెడతామంటే పెట్టండి, నూనెలో బాగా వేయించాలి, లేకపోతే నోరంతా దురద. బెనారస్ హిందూ యూనివర్సిటీలో ఉడుపా, ప్రసాద్ అనేవాళ్లు 1960 లలోనే నల్లేరు మీద జంతువుల్లో ప్రయోగాలు చేసి ఎముక త్వరగా అతికిందని రాశారు. అయితే దాన్ని నమ్ముకుని స్క్రూ తీయించడం వాయిదా వేయకండి. పాయ సూప్ కంటే రోజూ రెండు గుడ్లు, పప్పు, పెరుగు మేలు.

స్క్రూ తీసేముందు షుగర్, విటమిన్ డి, ఇన్ఫెక్షన్ కోసం ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్త పరీక్షలు చేయించారా అడగండి. మొదటి రోజు నుంచి ఉన్న ఎక్స్‌రేలన్నీ వరసగా పట్టుకెళ్లండి, ఒక్క ఫిల్మ్ చూసి ఎవరూ చెప్పలేరు. మధ్యలో జ్వరం, కుట్ల దగ్గర చీము, నడుస్తుంటే ఉన్నట్టుండి కొత్త నొప్పి వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెళ్లిపోండి. స్క్రూ తీశాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ ఎక్స్‌రే తీయించండి, అప్పటికీ అతుకులో మెరుగు కనిపించకపోతే రాడ్డు మార్చి లావుది వేయడమో, నడుము ఎముక నుంచి కొంచెం ఎముక తీసి విరిగిన చోట పెట్టడమో ఆలోచిస్తారు, అప్పుడు ఆ ఫిల్ములతో నాకు మళ్లీ రాయండి.