సప్లయర్ ఇన్వాయిస్‌లో ఉన్న హెచ్‌ఎస్ కోడ్‌నే (సరుకు ఏ రకమో కస్టమ్స్‌కు చెప్పే అంకెల కోడ్) దిగుమతి పత్రాల్లో వేసేయొచ్చా?

యథాతథంగా వేయకూడదు, అందులో మొదటి 6 అంకెలే ఈ పద్ధతి వాడే దేశాలన్నిటికీ ఉమ్మడి, అవి కూడా సరుకుకు సరిపోతాయో లేదో మీరే చూసుకోవాలి.

ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే ఈ వర్గీకరణ 1988 నుంచి అమల్లో ఉంది. ఆరో అంకె తర్వాతవి ఏ దేశానికి ఆ దేశం చేర్చుకున్నవి: ఒకచోట మొత్తం 8, ఇంకోచోట 10. సుంకం ఎంత, లైసెన్సు కావాలా అన్నది చాలాసార్లు తేలేది ఆ చివరి అంకెల దగ్గరే. పైగా సప్లయర్ వేసిన కోడ్ తన ఎగుమతి కోసం. ఎగుమతిపై ఎక్కువ సరుకులకు సుంకం ఉండదు కాబట్టి, అందులో తప్పున్నా ఆయనకు సాధారణంగా పెద్దగా పోయేదేమీ ఉండదు.

స్టీలు వాటర్ బాటిల్‌నే తీసుకోండి. ఒకే పొర ఉన్నదైతే స్టెయిన్‌లెస్ స్టీలు వంటింటి సామాన్లతో కలిపి 7323.93 కింద వస్తుంది. రెండు పొరల మధ్య గాలి తీసేసి, టీని వేడిగా ఉంచేదైతే 9617. చూడ్డానికి రెండూ ఒకటే! ఇన్వాయిస్‌లో ఉత్త ‘బాటిల్స్’ అని ఉంటే అధికారికి తేడా ఎలా తెలుస్తుంది? పెట్టె విప్పించి చూస్తారు, ఈలోపు గోదాము చార్జీలు పెరుగుతుంటాయి. ‘వాక్యూమ్ ఫ్లాస్క్, స్టెయిన్‌లెస్ స్టీలు, 500 మి.లీ.’ అని రాయించుకోవడానికి ఖర్చేమీ లేదు.

కోడ్ తప్పయితే కస్టమ్స్ బ్రోకర్ చూసుకుంటారన్నది చాలామందికి ఉన్న అపోహ. ఆయన మీ తరఫున పత్రాలు దాఖలు చేస్తారంతే. తక్కువ కట్టిన సుంకం, జరిమానా సాధారణంగా దిగుమతిదారు మీదికే వస్తాయి. అనుమానం ఉంటే సరుకు బయల్దేరకముందే కస్టమ్స్‌ను అడ్వాన్స్ రూలింగ్ (ఏ కోడ్ వర్తిస్తుందో ముందే ఇచ్చే నిర్ణయం) అడగొచ్చు.